రాలిన ఆకులతో సహా

"సంచిల ఏమున్నది సార్?"

"ఆకులు."

"ఏం ఆకులు?"

"ఎండుటాకులు."

"అది కనవడ్తనే ఉన్నది. లోపల ఏమున్నది అంటున్న."

"లోపల కూడా ఆకులేనయ్యా. పైన ఆకులు, మధ్యలో ఆకులు, అడుగున ఆకులు."

"మూడు సంచులల్లనా?"

"మూడు సంచుల్లోనూ."

"మూడేనా?"

"మూడే. స్కూటరు మీద ఇంకెన్ని పడతాయి?"

యూనివర్సిటీకి తార్నాక వైపున్న గేటు అది. ఏప్రిల్ నెల ఆఖరి శనివారం. పొద్దున ఆరుంబావుకే ఎండ చురుక్కుమంటోంది. స్కూటరు మీద కాళ్ళ దగ్గర ఒక సంచీ, వెనక సీటు మీద అడ్డంగా రెండు సంచులూ పెట్టుకుని, వాటి మధ్య ఇరుక్కుని కూర్చున్న పెద్దమనిషి వెంకటసుబ్బారావుగారు. ఇదే యూనివర్సిటీలో ముప్పై నాలుగేళ్ళు పనిచేసి, డిప్యూటీ రిజిస్ట్రారుగా రిటైరై ఎనిమిదేళ్ళయింది. ఆ ముప్పై నాలుగేళ్ళలో ఈ గేటు దగ్గర ఆయన బండి ఏనాడూ ఆగలేదు. దూరాన్నుంచి చూసే గొలుసు దించేసేవారు. ఇవాళ గొలుసు దిగలేదు.

గొలుసు పక్కన నిలబడ్డ గార్డు పేరు పరశురాం. ముప్పై అయిదేళ్ళుంటాయి. ఉద్యోగంలో చేరి ఆరేళ్ళే కావడంతో సుబ్బారావుగారిని ఎరగడు. మనిషి మాట్లాడుతున్నాడే గాని, కళ్ళు మాత్రం సంచీ మూతికి కట్టిన ఆకుపచ్చ తాడు మీదే ఉన్నాయి.

"యాడికెళ్లి తెచ్చిన్రు ఇవి?"

"పాత లైబ్రరీ వెనక నుంచి. కానుగ చెట్ల కింద."

"మీరే నింపిన్రా?"

సుబ్బారావుగారు అబద్ధమాడే మనిషి కాదు. ఇంటి దగ్గర బయల్దేరినప్పుడు ఆయన చీపురూ, రెండు ఖాళీ గోతాలూ పట్టుకునే వచ్చారు. తీరా వచ్చి చూస్తే, ఎవరో పుణ్యాత్ములు కానుగాకులన్నీ శుభ్రంగా ఊడ్చి, సంచులకెత్తి, మూతులు కట్టి, గోడవార వరసగా నిలబెట్టి ఉంచారు. ఊడ్చేవాళ్ళు తగలబెట్టడానికి పెట్టుకుని ఉంటారనుకున్నారు. తగలబడిపోయేవాటిని పట్టుకెళ్ళడం ఒక విధంగా సేవే అని కూడా అనుకున్నారు. చీపురూ గోతాలూ అక్కడే చెట్టు మొదట్లో వదిలేసి, సంచులు స్కూటరు మీదికెత్తారు.

"నింపి ఉంటే తెచ్చాను," అన్నారు.

"నింపి ఉంటే తెచ్చుకునుడేనా? ఎవలియి అని అడగొద్దా?"

"ఎవర్ని అడగను? చెట్టునా?"

"మిగిలిన రెండు గాడనే ఉన్నయా?"

"ఆఁ, ఉన్నాయి. ఇంకో ట్రిప్పులో చూద్దామనుకున్నాను."

"ఇంకో ట్రిప్పా," అని పరశురాం ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తరవాత మొహం బిగించి, ఎంట్రీ రాయాలి, లోపలికి రమ్మన్నాడు. రాయకపోతే తన ఉద్యోగానికొస్తుందట. ఏడింటికి సూపర్‌వైజర్ ఉప్పలయ్య రౌండుకొస్తాడు, రిజిస్టర్ చూస్తాడు.

ఇంక చెప్పక తప్పదనుకున్నారు సుబ్బారావుగారు. "నేనెవరో తెలుసా" అనే మాట ఆయనకి సర్వీసంతటిలో ఒక్కసారి కూడా వాడే పని పడలేదు. అందరికీ తెలుసు కాబట్టి. అలవాటు లేని మాట కదా, కోపంగా అనాలా, నవ్వుతూ అనాలా అని మనసులో రెండు విధాలా పలికి చూసుకుంటూ గార్డుల గదిలోకి అడుగు పెట్టారు.

ఎదురుగా గోడ మీద, లామినేషన్ చేయించి నాలుగు మూలలా మేకులు కొట్టిన కాగితం కనబడింది.

"ఇందుమూలముగా యావన్మందికి తెలియజేయునది ఏమనగా, విశ్వవిద్యాలయ ప్రాంగణమునందలి వృక్షములు, దుంగలు, కొమ్మలు, కాయలు, పువ్వులు, గడ్డి, రాలిన ఆకులతో సహా సమస్తమూ విశ్వవిద్యాలయ ఆస్తిలో అంతర్భాగము. వ్రాతపూర్వకమైన అనుమతి లేనిదే ఒక్క ఆకు సైతము గేటు దాటరాదు. ఈ నిబంధన హోదాతో నిమిత్తము లేకుండ ఎల్లరకు వర్తించును."

కింద సంతకం. సంతకం కింద పేరు. వి. వెంకటసుబ్బారావు.

పధ్నాలుగేళ్ళ కిందటి సర్క్యులర్ అది. అప్పట్లో ఎవరో రెండు టేకు దుంగలు ఎత్తుకుపోతే రాశారు. మొదట దుంగలని మాత్రమే రాశారు. దుంగలు కూడదంటే కొమ్మలు పట్టుకుపోతారు గదా అని కొమ్మలు చేర్చారు. కొమ్మలంటే కాయలు, కాయలంటే పువ్వులు, అలా అలా చెట్టు దిగి నేల మీదికి వచ్చేశారు. ఆ "సైతము" అనే మాట కోసం మూడు చిత్తుప్రతులు మార్చారు. వారం రోజులపాటు ఆ వాక్యాన్ని తలుచుకుని లోలోపల పొంగిపోయారు కూడా.

పరశురాం రిజిస్టర్ తెరిచి పెన్ను తీశాడు.

"పేరు?"

"పేరా..." సుబ్బారావుగారి చూపు గోడ మీంచి రావడం లేదు. "అయ్య..."

బాబోయ్ అనే మాట గొంతులోనే ఆగిపోయింది. ఈలోపు పెన్ను కదిలిపోయింది.

"పేరయ్య," అని పలుకుతూ రాసుకున్నాడు పరశురాం. "ఇంటిపేరు?"

సుబ్బారావుగారు ఆలోచించారు. తను అబద్ధం చెప్పలేదు. రికార్డులో దొర్లిన ఒక పొరపాటుని సరిదిద్దలేదు, అంతే. సర్వీసులో ఇలాంటివి చాలా చూశారు. కొన్ని పొరపాట్లు సరిదిద్దితే మరీ పెద్దవవుతాయి.

"ఇంటిపేరు అక్కర్లేదులే."

"కాలమ్ ఉన్నది సార్."

"ఖాళీగా వదిలెయ్యి."

"ఏం పని చేస్తరు?"

"రిటైరయ్యాను."

"దేంట్ల?"

"పనిలోంచి."

పరశురాం తలెత్తి ఒకసారి చూసి, అదే రాసుకున్నాడు. పనిలోంచి రిటైర్డ్. తరవాత ఏ నిబంధన కింద పట్టుకున్నదీ రాయాలి కాబట్టి, గోడ మీద చూసి ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ ఎక్కించసాగాడు. సగంలో ఆగాడు.

"సార్, చదువుకున్నోళ్ల లెక్కున్నరు. ఈ 'అంతర్భాగము' అంటే ఏంది? ఆరేండ్ల సంది సూస్తున్న, సమజ్ అయితలేదు."

"లోపలి భాగం అని. అంటే, రాలిన ఆకు కూడా యూనివర్సిటీలో ఒక ముక్కే అన్నమాట."

"ముక్కనా?"

"ముక్కే."

"గట్లయితే నేను రోజు బూట్ల కింద ఎన్ని ముక్కలు తొక్కుతున్ననో." పరశురాం పెన్ను కింద పెట్టేశాడు. ఆరేళ్ళుగా అడిగేవాళ్ళు లేక లోపల పేరుకున్నదంతా బయటికొచ్చింది. నేరేళ్ళ కాలంలో రాలిన పళ్ళు ఏరుకున్న విద్యార్థుల పేర్లు రాయాలట. ఒకసారి కారు మీద కొబ్బరికాయ పడితే, కారుకి సొట్ట పడిన సంగతి ఎవరికీ పట్టలేదు గాని కాయ ఏమైందని నాలుగు రోజులు అడిగారట. బతుకమ్మకి ఆడపిల్లలు తంగేడు పూలు తెంపుకుపోతుంటే, ఒక్కొక్కరి పేరూ, హాస్టల్ పేరూ రాయించారట.

"నాలుగు వందల పేర్లు రాసిన సార్. చెయ్యి వాసింది. ఇది రాసినాయన పేరు సుబ్బారావంట. కనవడితే ఒక్కటే అడుగుత ఆయన్ని."

"ఏమని?"

"గాలికి ఆకు కొట్టుకొచ్చి గేటు దాటుతది గద. దాన్నెట్ల ఆపాలె? సీటీ ఊదాల్నా?"

సుబ్బారావుగారు దగ్గారు. "ఆయన ఉద్దేశం మంచిదే అయి ఉంటుంది బాబూ. అప్పట్లో దుంగలు పోయాయేమో."

"దుంగలు పోతే దుంగలని రాయాలె. ఆకులెందుకు రాసిండు?"

"దుంగలని రాస్తే కొమ్మలు పట్టుకెళతారు. కొమ్మలని రాస్తే..."

"మీరు గూడ ఆయన లెక్కనే మాట్లాడుతున్నరు సార్."

పరశురాం ఇంకో సంగతి కూడా చెప్పాడు. అది అతను చూసింది కాదు, పాతవాళ్ళు చెబితే విన్నది. మాణికేశ్వర్ నగర్ నుంచి ఊడవడానికొచ్చే రాములవ్వ అనే ఆవిడ, నీళ్ళ పొయ్యిలోకని కొంగున మూటగట్టుకున్న ఆకుల్ని ఇదే కాగితం చూపించి గేటు దగ్గర పోయించారట. ఆవిడ కిక్కురుమనలేదట. కాని మర్నాటి నుంచి ఇంటికి పోయేటప్పుడల్లా, ఎవరూ అడక్కపోయినా గేటు దగ్గర ఆగి, కొంగు విప్పి దులిపి చూపించి మరీ పోయేదట. ఉద్యోగం అయిపోయేదాకా అంతేనట.

ఆ మాట విన్నాక సుబ్బారావుగారు చాలాసేపు గోడకేసి చూడలేకపోయారు. ఆయన రాసిన మూడు చిత్తుప్రతుల్లోనూ రాములవ్వ లేదు. టేకు దుంగలవాడొక్కడే ఉన్నాడు.

అప్పుడే జేబులో ఫోను మోగింది. ఆయనకి చెవి కొంచెం మందం కావడంతో ఫోను ఎప్పుడూ స్పీకరులోనే ఉంటుంది. గదంతా ఆయన భార్య వెంకటరమణమ్మగారి గొంతుతో నిండిపోయింది.

"ఎక్కడున్నారండీ?"

"మీటింగులో ఉన్నాను రమణా."

"మీకు మీటింగేవిటి? రిటైరై ఎనిమిదేళ్ళయింది."

"చిన్న మీటింగులే. ఇద్దరమే."

"ఆకులు దొరికాయా?"

"దొరికాయి."

"అయితే రండి మరి. ఇవాళ నలభై మూడు డిగ్రీలట. ఎనిమిది దాటితే టబ్బుల్లో మట్టి సలసలా కాగుతుంది. ముందు నీళ్ళు పొయ్యాలి, ఆ తరవాతే ఆకులు పరవాలి, గుర్తుందా?"

"గుర్తుంది."

"మొదలుకి తగలకూడదు. చుట్టూ పరవాలి. నాలుగు వేళ్ళ మందం."

"నాలుగు వేళ్ళు."

"సొరపాదు బావుందా?"

సుబ్బారావుగారు పరశురాం మొహం చూశారు. పరశురాం ఆయన మొహం చూశాడు.

"సొరపాదు... పాదులాగే ఉంది."

"పాదులాగే ఉందంటే? పిందెలు నిలబడుతున్నాయా?"

"సిగ్నల్ సరిగ్గా లేదు రమణా," అని ఫోను పెట్టేశారు.

"సొరపాదుకు ఏమయింది సార్?" అన్నాడు పరశురాం మెల్లగా.

ఆరు వారాలుగా భార్యకి చెప్పలేకపోయిన సంగతిని సుబ్బారావుగారు ముక్కూమొహం తెలియని గార్డుకి చెప్పుకున్నారు. తార్నాకలో వాళ్ళ మేడ మీద వెంకటరమణమ్మగారు పదకొండేళ్ళుగా పెంచుతున్న తోట ఉంది. నలభై రెండు టబ్బులు. ఇన్నేళ్ళలో సుబ్బారావుగారు మేడ మీదికి వెళ్ళింది నీళ్ళ ట్యాంకు చూడ్డానికే. మార్చి నెలలో ఆవిడకి మోకాలి ఆపరేషనైంది. మెట్లెక్కకూడదన్నారు. తోట ఏమైపోతుందోనని ఆవిడ బెంగపెట్టుకుంటే, ఒక యూనివర్సిటీని నడిపినవాణ్ణి, నలభై రెండు టబ్బులు నడపలేనా అని ఈయన అభయమిచ్చారు. ఆవిడ మంచమ్మీంచి ఎండాకాలం పనులన్నీ చెబుతుంటే ఈయన ఫైలు పెట్టి రాసుకున్నారు. పడమటి ఎండ తగిలే టబ్బుల్ని గోడ నీడకి జరపాలి, పచ్చ వల కట్టాలి, టమాటాల తలలు తుంచాలి, బెండా గోరుచిక్కుడూ విత్తాలి, పులిసిన మజ్జిగ నీళ్ళలో కలిపి చల్లాలి.

మనుషులకి దాహమేసేది మధ్యాహ్నమే కదా అని మొదటి వారం నీళ్ళు మిట్టమధ్యాహ్నం పోశారు. రెండు వంగమొక్కలు వేళ్ళు ఉడికిపోయి తలలు వాల్చేశాయి. మజ్జిగ చల్లమంటే ఫ్రిజ్‌లో ఉన్న మజ్జిగ తీసి చల్లారు. అందులో ఉప్పూ, అల్లం, కరివేపాకూ ఉన్నాయి. ఇంగువ పోపు కూడా వేసి ఉంది. మూడో టబ్బుకల్లా స్ప్రేయర్ ముక్కులో ఆవాలు అడ్డంపడ్డాయి. రెండు రోజులపాటు మేడంతా పులిహోర వండినట్టు వాసనొచ్చింది. కింద వాటావాళ్ళు ఏమిటి విశేషమని అడిగారు కూడా.

ఇవన్నీ ఒక ఎత్తు. సొరపాదు సంగతి ఇంకొకటి.

"దానికి పువ్వులు బాగానే పూశాయయ్యా," అన్నారు సుబ్బారావుగారు. "పూసినవాటిలో కొన్నిటికి కింద చిన్న పిందె ఉంది. చాలావాటికి లేదు. ఉత్త కాడ మీద నిలబడ్డాయి."

"అవి మగ పూలు సార్."

"ఆ సంగతి నాకేం తెలుసు? ఏ పనీ చెయ్యకుండా ఊరికే పోస్టు పట్టుకుని కూర్చున్నాయనుకున్నాను."

"ఏం చేసిన్రు?"

"తీసేశాను."

"అన్ని?"

"రోజూ సాయంత్రం వెళ్ళి, కత్తెరతో, ఒక్కటి మిగలకుండా. పదకొండు రోజులు."

పరశురాం మొహం చేతుల్లో దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. కాసేపటికి కళ్ళు తుడుచుకుని తలెత్తాడు.

"మరి ఆడ పూలు?"

"వస్తున్నాయి, చూస్తున్నాయి, వాడిపోతున్నాయి. సోమవారం నుంచి మెట్లెక్కొచ్చని డాక్టరుగారు చెప్పారు ఆవిడకి. ఎక్కగానే చూసేది ఆ పాదునే." సుబ్బారావుగారి గొంతు దిగిపోయింది. "కనీసం ఆకులైనా సరిగ్గా పరిచి ఉంచుదామని, తెల్లారకముందే లేచి వచ్చాను."

పరశురాం రిజిస్టర్ పక్కకి జరిపి కుర్చీ ముందుకి లాక్కున్నాడు. పాదుకేం కాలేదన్నాడు. కత్తెర దాచిపెడితే వారంలో మగ పూలు మళ్ళీ వస్తాయన్నాడు. అంతదాకా ఆగలేకపోతే, సొరపాదున్న ఇల్లేదో చూసుకుని, పొద్దు వాలి పూలు విచ్చుకునే వేళకి ఒక్క మగ పువ్వు అడిగి తెచ్చుకోమన్నాడు. రేకులు ఒలిచేసి, మధ్యలో పుప్పొడి ఉన్న కాడని ఆడ పువ్వు లోపల మెల్లగా తిప్పాలట.

"గట్టిగ రుద్దొద్దు సార్. పసిపిల్ల చెంపకు పౌడర్ అద్దినట్టు. మా ఇంటి మీద గట్లనే..." అని ఆగిపోయాడు.

"మీ ఇంటి మీద?"

"మా ఇంటి మీద ఏం లేదు. ఎవరో అంటే విన్న." పరశురాం గబగబా మాట మార్చాడు. "ఆకులు ఏసేటప్పుడు ఒక పని చెయ్యున్రి. పైన కానుగాకు ఉన్నది, అడుగున వేపాకు ఉన్నది. వేపాకు ముందుగల్ల మట్టి మీద పరిచి, కానుగాకు దాని మీద ఎయ్యున్రి. చీమలు పట్టయి."

సంచీ మూతి విప్పకుండానే అడుగున ఏముందో చెప్పేశాడు. సుబ్బారావుగారు అబ్బురపడిపోయారు. మట్టిలో పుట్టి పెరిగినవాళ్ళకి వాసనే చాలు కాబోలనుకున్నారు. తను ముప్పై నాలుగేళ్ళు చదివిన కాగితాల్లో ఇలాంటి ముక్క ఒక్కటీ లేదు కదా అనుకున్నారు.

ఆరూ నలభై అయింది. ఉప్పలయ్య వచ్చేలోగా సంతకం ఒకటి పెట్టేస్తే ఎంట్రీ అయిపోతుందని పరశురాం రిజిస్టర్ ఇటు తిప్పాడు. ఆకులు జప్తు చెయ్యాలా, వదలాలా అన్నది ఉప్పలయ్య చూసుకుంటాడు. సుబ్బారావుగారు పెన్ను తీసుకున్నారు. పేరయ్య ఎలా సంతకం పెడతాడో ఆలోచించి ఉండవలసింది. కాని ముప్పై నాలుగేళ్ళ అలవాటు ఆలోచన దాకా ఆగలేదు. చెయ్యి దానంతటది కాగితం మీద వాలి, గిరగిరా తిరిగి, కింద ఒక తోక లాగి పైకి లేచింది.

పరశురాం రిజిస్టర్ చూశాడు. గోడ చూశాడు. మళ్ళీ రిజిస్టర్ చూశాడు.

"సార్."

"ఊఁ."

"ఈ తోక."

"ఏ తోక?"

"సంతకం కింద తోక. మూడు మెలికలున్నయి."

"ఉంటే?"

"గోడ మీద గూడ మూడే ఉన్నయి."

సుబ్బారావుగారు పెన్ను మూత పెట్టి బల్ల మీద ఉంచారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "నేనేనయ్యా," అన్నారు. "వెంకటసుబ్బారావుని నేనే. పేరయ్య అని నువ్వే రాసుకున్నావు."

పరశురాం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. తను ఇందాకట్నుంచి అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నట్టు మొహం ఎర్రబడింది. ఏదో నోటికొచ్చినట్టు వాగానన్నాడు, మనసులో పెట్టుకోవద్దన్నాడు. మీరు వెళ్ళండి సార్, ఆకులు తీసుకుపోండి అన్నాడు.

కాని అంత భారం దిగిపోయాక సుబ్బారావుగారికి వెళ్ళాలనిపించలేదు. పేరు చెప్పుకోగానే నడుము నిటారైంది. ఎనిమిదేళ్ళుగా లోపలెక్కడో పడుకుని ఉన్న డిప్యూటీ రిజిస్ట్రారుగారు లేచి కూర్చున్నారు.

"ఎలా వెళతాను? హోదాతో నిమిత్తం లేదని రాసింది నేను. మీ సూపర్‌వైజర్‌ని రానీ. నా పేరు సరిగ్గా రాసి రిపోర్టు చెయ్యి."

"వద్దు సార్. ఆకులే గద."

"నా సంగతి సరే. అసలు సంగతి వేరే ఉంది. ఈ సంచులు నింపిందెవరు?"

పరశురాం రిజిస్టర్ మూసి, మళ్ళీ తెరిచాడు.

"నేను ఇంతసేపూ ఆలోచించనే లేదు చూడు," అన్నారు సుబ్బారావుగారు.

"ఊడ్సేటోళ్లు నింపి ఉంటరు సార్."

"ఊడ్చేవాళ్ళు కుప్ప పోస్తారు, సంచుల్లో నింపరు. ఈ మూతి చూడు, ఎంత పొందిగ్గా కట్టాడో. అడుగున వేపాకు వేశాడని నువ్వే అన్నావు. అంటే తెలిసినవాడు. ముందే అనుకుని, పని తెలిసి, లోపలే ఉండి చేసినవాడు. ఇందులో లోపలి మనిషి చెయ్యి ఉంది."

"లోపలి మనిషా?"

"సందేహం లేదు. ఒక తెల్లకాగితం ఇయ్యి."

పరశురాం కదల్లేదు. సుబ్బారావుగారే బల్ల సొరుగులోంచి కాగితం తీసుకుని, మడత పెట్టి మార్జిన్ వేసుకుని, ఇందుమూలముగా అని మొదలుపెట్టారు. ఎన్నేళ్ళకి రాస్తున్నారో ఆ మాట. పెన్ను పరుగులు తీసింది. సంచుల సంఖ్య, తాడు రంగు, ముడి తీరు, ఆకుల రకాలు, అన్నీ వరసగా వచ్చేశాయి. మూడో పేరా దగ్గర ఆయనకి మెరుపులాంటి ఆలోచన తట్టింది.

"మిగతా రెండు సంచులూ అక్కడే ఉన్నాయి కదా. వాటికోసం వాడు రాక మానడు. నువ్వూ నేనూ కానుగ చెట్టు చాటున నిలబడదాం. రాగానే పట్టుకుందాం."

"వాడు రాడు సార్."

"నీకెలా తెలుసు?"

"అంటే... ఎండ గద."

"ఎండని లెక్కచేసేవాడు ఎండాకాలంలో ఆకులెందుకు ఊడుస్తాడు?"

పరశురాం నుదుటి మీంచి చెమట కారి చొక్కా కాలరు తడిసింది. గోడ గడియారం చూశాడు. ఏడుకి అయిదు నిమిషాలు. అమ్మగారు ఎదురుచూస్తుంటారన్నాడు. టబ్బుల్లో మట్టి కాగుతుందన్నాడు. సొరపాదుకి నీళ్ళు పొయ్యాలన్నాడు. సుబ్బారావుగారి పెన్ను కొంచెం తడబడింది గాని ఆగలేదు. బాధ్యత అన్నారు. ఇంతలో రోడ్డు మలుపు దగ్గర మోటారుసైకిల్ చప్పుడు వినబడింది.

పరశురాం ఒక్క అడుగులో బల్ల దగ్గరికొచ్చాడు. సుబ్బారావుగారి చేతికింది కాగితం లాగి నాలుగు మడతలు పెట్టి జేబులో తోసేశాడు. రిజిస్టర్లో ఎంట్రీ మీద అడ్డంగా ఒక గీత కొట్టాడు.

"అదేమిటయ్యా, రికార్డు కొట్టేస్తావేమిటి?"

"పేరయ్య అనేటాయన ఉన్నడా సార్?"

"లేడు."

"లేనాయన ఆకులు తెస్తడా?"

"తేలేడు."

"మరి లేనాయన మీద కేసు ఎట్ల రాస్త?"

సుబ్బారావుగారు ఆలోచించారు. ఆ వాదనని ఎటు తిప్పి చూసినా లోపం కనబడలేదు. సర్వీసులో ఇంత చక్కటి నోట్ ఎవరి దగ్గర్నుంచీ రాలేదు. ఈ కుర్రాడు గేటు దగ్గర ఉండవలసినవాడు కాదనిపించింది.

ఆయన ఇంకా మెచ్చుకుంటుండగానే పరశురాం ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. వెనక సంచులు వదులుగా ఉన్నాయని తాడు విప్పి, నాలుగు చుట్లు తిప్పి, రెండు క్షణాల్లో ముడి బిగించేశాడు. ముందు సంచీని కాళ్ళకి అడ్డం రాకుండా నిలువుగా పెట్టాడు. స్కూటరు తనే స్టార్టు చేసి ఇచ్చాడు. గొలుసు దించాడు.

సుబ్బారావుగారికి కళ్ళు చెమర్చాయి. తన కాగితం వల్ల ఇన్నేళ్ళు ఇబ్బందిపడ్డవాడు, తననే పట్టుకుని, తనకే పాఠం చెప్పి, ఉద్యోగాన్ని కూడా లెక్కచెయ్యకుండా వదిలిపెడుతున్నాడు. ఈ రోజుల్లో ఇలాంటివాళ్ళు ఎక్కడుంటారు?

"పరశురాం, ఇవాళే రిజిస్ట్రారుగారికి ఉత్తరం రాస్తాను. ఆ కాగితంలోంచి ఆకులు తీసేయమంటాను. పువ్వులు కూడా."

"రాయున్రి సార్. జల్ది రాయున్రి."

"ఆ రాములవ్వ ఇప్పుడెక్కడుంటుందో కనుక్కుని చెప్పు. ఒకసారి వెళ్ళి కనబడాలి."

"చెప్త సార్. పోండ్రి."

"నీ మేలు మర్చిపోనయ్యా. నీకేం కావాలన్నా మొహమాటపడకుండా అడుగు."

మోటారుసైకిల్ చప్పుడు దగ్గరికొచ్చేసింది. పరశురాం అటు ఒకసారి చూసి, సుబ్బారావుగారి చెవి మందమన్న సంగతి గుర్తొచ్చి, బాగా దగ్గరికి వంగాడు.

"ఏం వద్దు సార్. ఆకులు మీరే ఏసుకోన్రి, నేను మళ్ల ఊడ్సుకుంట. సంచులు మాత్రం రేపు పొద్దుగాల తెచ్చియ్యున్రి. అవి మా ఇంట్ల బియ్యం సంచులు, యాడబోయినయని మా ఇంటామె సుజాత నిన్నటి సంది అడుగుతున్నది."